వెలుగు సీసా, చీకటి సీసా: సముద్రపు నీటి ఉత్పాదకతను కొలిచే విధానం

నీళ్లు పచ్చగా కనిపించాయంటే అక్కడ వృక్ష ప్లవకాలు (నీటిలో తేలియాడే సూక్ష్మ మొక్కలు) దండిగా ఉన్నాయని మాత్రమే అర్థం. అవి గంటకు ఎంత ఆహారం తయారుచేస్తున్నాయో ఆ రంగు చెప్పదు. నిల్వ వేరు, తయారయ్యే వేగం వేరు. సముద్రంలో ఈ తేడా నేల మీదకంటే చాలా పెద్దది. భూమ్మీద ఏటా జరిగే ప్రాథమిక ఉత్పత్తిలో (వెలుతురుతో జరిగే ఆహార తయారీలో) దాదాపు సగం, అంటే సుమారు 5,000 కోట్ల టన్నుల కార్బన్, సముద్రంలోనే జరుగుతుంది. ఆ పని చేసే జీవుల బరువు మాత్రం భూగోళం మీదున్న మొత్తం మొక్కల బరువులో ఒక శాతం కూడా ఉండదు. పుట్టినవి పుట్టినట్టే జంతు ప్లవకాల నోట్లో పడుతుంటాయి. దాదాపు వారానికోసారి నిల్వంతా కొత్తదైపోతుంది. బకెట్‌తో నీళ్లు తెచ్చి సూక్ష్మదర్శిని కింద లెక్కపెడితే మేయగా మిగిలిందే దొరుకుతుంది. ఉత్పాదకత కావాలంటే వేగాన్నే కొలవాలి.

దానికి అందరికీ అందుబాటులో ఉన్న మార్గం నార్వే శాస్త్రవేత్తలు గార్డర్, గ్రాన్ 1927లో ప్రచురించిన సీసాల పద్ధతి. ఒకే నీటిని మూడు రకాల సీసాల్లో పడతాం. మొదటి రకంలో ఆక్సిజన్ ఎంతుందో అప్పటికప్పుడే కొలుస్తాం. ఇది ప్రారంభ సీసా. రెండోది వెలుగు సీసా, దానికి వెలుతురు తగులుతుంది కాబట్టి అందులో కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ రెండూ నడుస్తాయి. మూడోది చీకటి సీసా, అందులో శ్వాసక్రియ ఒక్కటే. కొన్ని గంటల తర్వాత ఆక్సిజన్ తేడాలు చూస్తే ఎంత తయారైందో, ఎంత ఖర్చయిందో తెలిసిపోతుంది.

ఇది ఎక్కడ పనికిరాదో కూడా ముందే తెలియాలి. ముదురు నీలంగా ఉండే నడిసముద్రపు నీళ్లలో కొన్ని గంటల్లో వచ్చే ఆక్సిజన్ మార్పు మామూలు టైట్రేషన్‌కు (బ్యూరెట్ అనే కొలత గొట్టం నుంచి చుక్కచుక్కగా రసాయనం వేసి కొలవడం) అందనంత చిన్నది. అలాంటి చోట 1952లో డెన్మార్క్ శాస్త్రవేత్త స్టీమన్ నీల్సన్ ప్రవేశపెట్టిన కార్బన్-14 పద్ధతి వాడతారు. దానికి రేడియోధార్మిక పదార్థం వాడే అనుమతి, దాన్ని లెక్కించే సింటిలేషన్ కౌంటర్ అనే పరికరం కావాలి. తీరజలాలు, నదీముఖాలు, ఉప్పుటేర్లు, అడుగు నీరు పైకి ఎగదన్నే ప్రాంతాలైతే సీసాల పద్ధతి చక్కగా సరిపోతుంది.

సామాను

300 మి.లీ. బి.ఓ.డి. సీసాలు (నీటిలోని ఆక్సిజన్ కొలతకు వాడే, బిరడా ఉన్న గాజు సీసాలు) ఒక్కో లోతుకు ఆరు: రెండు ప్రారంభం, రెండు వెలుగు, రెండు చీకటి. మూడేసి పెట్టగలిగితే ఇంకా మంచిది. ఒకే సీసా పెట్టి తెచ్చిన అంకెను నమ్మడానికి లేదు, ఎందుకంటే అది తప్పో ఒప్పో పోల్చి చూడడానికి జత ఉండదు. సీసాలను 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో మూడు నాలుగు సార్లు కడగాలి. సబ్బు వద్దు.

చీకటి సీసాకు నల్లరంగు వేసి వదిలేస్తే చాలదు. రంగు మీద నల్ల ఇన్సులేషన్ టేపును ఒక చుట్టు మీద మరో చుట్టు పడేలా చుట్టి, దాని మీద అల్యూమినియం ఫాయిల్ కప్పండి. ఫాయిల్ లేకపోతే నల్లసీసా పడవ మీద ఉన్న కాసేపట్లోనే వేడెక్కి శ్వాసక్రియ పెరుగుతుంది. వెలుతురు ఎక్కువగా దూరేది మెడ దగ్గర, బిరడా దగ్గర. బిరడా పెట్టాక దాని మీద కూడా ఫాయిల్ టోపీ తొడగాలి.

నీళ్లు పట్టే పరికరం ప్లాస్టిక్‌ది కావాలి. ఇత్తడి, రాగి, జింకు పూత ఉన్న ఇనుము నీటికి తగలకూడదు. లీటరుకు మైక్రోగ్రాముల్లో కరిగిన రాగి కూడా చాలా ప్లవకాలకు విషమే. కొన్ని శాంప్లర్లలో మూతలు బిగించే నల్ల రబ్బరు కూడా ఇలాగే దెబ్బతీస్తుంది, సిలికాన్ రబ్బరుంటే మార్చుకోండి. ఇవి కాక సెక్కి డిస్కు (వెలుతురు ఎంత లోతుకు దిగుతుందో చూసే తెల్లపళ్లెం), 10 లీటర్ల ప్లాస్టిక్ క్యాను (నల్లగుడ్డ చుట్టినది), అరసెంటీమీటరు మందం ఉన్న సిలికాన్ గొట్టం, మీటర్ల గుర్తులు వేసిన తాడు, తేలే బుంగ, 3 నుంచి 5 కిలోల బరువు, 10 మి.లీ. బ్యూరెట్ కావాలి.

రసాయనాలు

మాంగనస్ సల్ఫేట్ మోనోహైడ్రేట్ 364 గ్రాములు లీటరు నీటికి. క్షార అయొడైడ్ కోసం సోడియం హైడ్రాక్సైడ్ 500 గ్రాములు, సోడియం అయొడైడ్ 135 గ్రాములు కలిపి లీటరు చేయాలి. హైడ్రాక్సైడ్ కరిగేటప్పుడు గిన్నె చేత్తో పట్టుకోలేనంత కాగుతుంది. చన్నీళ్ల తొట్టిలో గిన్నె పెట్టి, కొంచెం కొంచెంగా నీటిలో వేస్తూ కలపండి, గుట్టగా పోయవద్దు. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఈ పనికి దిగవద్దు.

సోడియం థయోసల్ఫేట్ పెంటాహైడ్రేట్ 6.205 గ్రాములు లీటరుకు వేస్తే 0.025 నార్మల్ (ద్రావణం బలానికి కొలమానం) ద్రావణం వస్తుంది. ఇది నిల్వ ఉంటే బలం తగ్గుతుంది, బాక్టీరియా కూడా దాన్ని తింటుంది. అందుకే కొలిచిన ప్రతి రోజూ దాని బలం సరిచూడాలి. 120 డిగ్రీల దగ్గర ఆరబెట్టిన పొటాషియం అయొడేట్ 0.8917 గ్రాములు లీటరుకు కలిపితే అదీ 0.025 నార్మల్ అవుతుంది. దీనిలో 10 మి.లీ. తీసుకుని, 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్, 1 గ్రాము పొటాషియం అయొడైడ్, కొద్దిగా సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి టైట్రేట్ చేయండి. సరిగ్గా 10 మి.లీ. థయోసల్ఫేట్ పట్టాలి. 10.20 పట్టిందంటే దాని అసలు బలం 0.0245. ఆ రోజు లెక్కలన్నిటికీ ఆ అంకే వాడాలి.

ఒక శాతం స్టార్చ్ ద్రావణం ఏ రోజుకారోజు కాచుకోవడమే మేలు. పాతబడితే నీలం బదులు ఎర్రటి ఊదా రంగు వస్తుంది, ముగింపు బిందువు తేలదు.

లోతులు ఎంచుకోవడం

1865లో ఇటలీ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కి మధ్యధరా సముద్రంలో పరీక్షించిన తెల్లపళ్లెం ఇప్పటికీ సరిపోతుంది. పడవకు నీడ ఉన్న వైపు నుంచి దించండి. కనబడకుండా పోయిన లోతు, పైకి లాగుతుంటే మళ్లీ కనబడిన లోతు, రెండింటి సగటు తీసుకోండి. 1.7ను ఆ లోతుతో భాగిస్తే మీటరుకు వెలుతురు ఎంత తగ్గుతుందో చెప్పే గుణకం వస్తుంది.

పళ్లెం 3.7 మీటర్ల దగ్గర మాయమైందనుకోండి. గుణకం 0.46. దీని ప్రకారం పైనున్న వెలుతురులో సగం 1.5 మీటర్ల దగ్గర, నాలుగోవంతు 3 మీటర్ల దగ్గర, పదోవంతు 5 మీటర్ల దగ్గర, ఒక శాతం 10 మీటర్ల దగ్గర ఉంటుంది. సీసాలు వేలాడదీయాల్సిన లోతులు ఇవే, వీటితో పాటు ఉపరితలం. ఒక శాతం వెలుతురున్న లోతును కాంతి మండలం (ప్లవకాలకు చాలినంత వెలుతురు అందే పై పొర) అడుగుగా తీసుకోవడం ఆనవాయితీ. మట్టి కలిసిన నీళ్లలో 1.7 సరిపోదు, అక్కడ దాని బదులు 1.44 వాడతారు. నీటిలో దించే లైట్ మీటర్ ఉంటే ఈ అంచనా అవసరమే లేదు.

సీసాలు నింపడం

ఎక్కువ కొలతలు చెడేది ఇక్కడే. కింది నుంచి తెచ్చిన ప్లవకాలు మసక వెలుతురుకు అలవాటుపడినవి. పడవ మీది ఎండ వాటికి కొద్ది నిమిషాలు తగిలినా కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుంది, తిరిగి కోలుకోవడానికి గంటలు పట్టొచ్చు. కాబట్టి ఈ పనంతా నీడలో, గుడ్డ కప్పి చేయాలి.

ఒక లోతు నీటిని ముందు క్యానులో పోసి, కుదపకుండా మెల్లగా తిప్పి కలపండి. అన్ని సీసాల్లోనూ ఒకే నీరు పడాలంటే ఇదొక్కటే దారి. పెద్ద జంతు ప్లవకాలు కనిపిస్తే 200 మైక్రాన్ల జాలీతో వడకట్టి, వడకట్టినట్టు పుస్తకంలో రాయండి. కోపిపాడ్ అనే జంతు ప్లవకం ఒక్కటి చీకటి సీసాలో పడితే ఆ సీసా శ్వాసక్రియ అంకె జతతో కలవదు.

గొట్టం కొస సీసా అడుగుకు ఆనేలా పెట్టి, గలగలలు లేకుండా నింపండి. నిండాక మరో 300 మి.లీ. పొర్లిపోనివ్వండి. ఆ తర్వాతే గొట్టాన్ని నీరు పారుతుండగానే నెమ్మదిగా పైకి తీయాలి. బిరడాను ఒక వాలుగా దించితే గాలి చిక్కుకోదు. సీసాను తలకిందులు చేసి చూడండి. ఆవగింజంత బుడగ కనిపించినా పారబోసి మళ్లీ నింపాల్సిందే.

ప్రారంభ సీసాల్లో ఒకటి అన్నిటికంటే ముందు, రెండోది అన్నిటికంటే చివర నింపండి. ఆ రెండింటి అంకెలు కలిస్తే మధ్యలో క్యానులోని నీరు మారలేదని అర్థం. కలవకపోతే ఆ లోతు మొత్తాన్నీ అనుమానించాలి. ప్రారంభ సీసాలను నింపిన వెంటనే రసాయనాలతో బిగించేయాలి (ఆక్సిజన్ ఇక మారకుండా పట్టేయడం, కింద 1 నుంచి 3 మెట్లు), తీరానికి వెళ్లాక చూద్దామని ఆపితే అవి చీకటి సీసాలుగా మారిపోతాయి.

వేలాడదీయడం

ఏ లోతు నీరు ఆ లోతుకే వెళ్లాలి. సీసాలను పడుకోబెట్టినట్టు అడ్డంగా కట్టండి, నిలువుగా వేలాడితే బిరడా, మెడ నీడ పడుతుంది. వెలుగు సీసా మీద చీకటి సీసా నీడ పడకుండా రెంటినీ తాడుకు చెరో వైపుకు పెట్టాలి. బుంగను పడవకు దూరంగా వదలండి, పడవ నీడలో వేలాడిన సీసా పడవ నీడనే కొలుస్తుంది.

ఎంతసేపు? తీరజలాల్లో 4 గంటలు చాలు, ప్లవకాలు పల్చగా ఉన్న నీళ్లలో 6. రోజంతా ఉంచితే మార్పు పెద్దదై కొలత సులువవుతుందని అనిపిస్తుంది. కానీ సీసా గోడల మీద బాక్టీరియా పెరుగుతుంది, పోషకాలు అయిపోతాయి, నీటి కదలిక ఉండదు. అప్పుడు కొలిచేది సముద్రాన్ని కాదు, సీసాను. మరీ పచ్చటి నీళ్లలో ఎక్కువసేపు ఉంచితే ఆక్సిజన్ బుడగలుగా బయటపడుతుంది. బుడగలోకి పోయిన ఆక్సిజన్ టైట్రేషన్‌లో సరిగా రాదు, ఫలితం తక్కువ పడుతుంది. వెలుగు సీసాలో బుడగ కనిపిస్తే ఆ సీసాను లెక్కలోంచి తీసేసి, మర్నాడు రెండు గంటలకు కుదించండి.

ఇంకో సంగతి. గాజు అతినీలలోహిత కిరణాల్లో చాలా భాగాన్ని ఆపేస్తుంది. ఉపరితలం దగ్గర ఆ కిరణాల వల్ల ప్లవకాలకు కలిగే నష్టం సీసాలో కనబడదు. పై అంకె అసలుకంటే కాస్త ఎక్కువగా ఉండొచ్చని గుర్తుంచుకోండి.

ఆక్సిజన్‌ను బిగించి, టైట్రేట్ చేయడం

హంగరీ రసాయన శాస్త్రవేత్త వింక్లర్ 1888లో కనిపెట్టిన పద్ధతి ఇది. సీసా పైకి తీయగానే మొదలుపెట్టాలి.

1. పిపెట్ కొస నీటి మట్టానికి కొంచెం దిగువన ఉంచి 1 మి.లీ. మాంగనస్ సల్ఫేట్ వేయండి. వేరే పిపెట్‌తో 1 మి.లీ. క్షార అయొడైడ్ వేయండి. రెంటికీ ఒకే పిపెట్ వాడితే రసాయనం దాన్ని నిల్వ ఉంచిన సీసాలోనే మడ్డి కట్టి పాడవుతుంది.
2. గాలి చొరబడకుండా బిరడా పెట్టి, పదిహేనుసార్లు తలకిందులు చేయండి. గోధుమరంగు అవక్షేపం వస్తుంది. తెల్లగా ఉండిపోతే నీటిలో ఆక్సిజన్ దాదాపు లేదన్నమాట.
3. అవక్షేపం సగం దాకా దిగాక మరోసారి కలిపి, మళ్లీ దిగనివ్వండి. రెండోసారి కలపడం మానేస్తే కొంత ఆక్సిజన్ పట్టుబడకుండా మిగిలిపోతుంది.
4. 1 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని మెడ వెంట జారవిడిచి, బిరడా పెట్టి కలపండి. మడ్డి అంతా కరిగి తేనెరంగు నీరు మిగలాలి. గోధుమ రేణువులు మిగిలితే ఇంకొన్ని చుక్కలు వేయండి.
5. దీనిలో 201 మి.లీ. ఫ్లాస్కులోకి తీసుకుని థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేయండి. ఎండుగడ్డి రంగుకు వచ్చాక మాత్రమే స్టార్చ్ వేయాలి. నీలం పోయిన మొదటి చుక్కే ముగింపు. కాసేపటికి నీలం మళ్లీ వచ్చినా పట్టించుకోవద్దు.

201 ఎందుకంటే, రసాయనాలు వేసినప్పుడు 300 మి.లీ. సీసాలోంచి 2 మి.లీ. నీరు బయటికి పోయింది. 200 మి.లీ. అసలు నీటికి ఇప్పుడు 201 తీసుకోవాలి. థయోసల్ఫేట్ సరిగ్గా 0.025 నార్మల్ అయితే ఖర్చయిన ప్రతి మి.లీ. లీటరుకు 1 మి.గ్రా. ఆక్సిజన్‌కు సమానం.

3వ మెట్టు తర్వాత సీసాలను నీళ్లలో ముంచి, చీకట్లో కొన్ని గంటలు దాచొచ్చు. ఆమ్లం వేశాక మాత్రం ఆగకూడదు, అయొడిన్ ఆవిరైపోతుంది.

ఒక్క చుక్క విలువ ఎంతో చూడండి. బ్యూరెట్ నుంచి రాలే చుక్క సుమారు 0.05 మి.లీ., అంటే లీటరుకు 0.05 మి.గ్రా. ఆక్సిజన్. కింద చేసే లెక్క ప్రకారం అది 4 గంటల ప్రయోగంలో ఘనమీటరుకు గంటకు 4 మి.గ్రా. కార్బన్. కాంతి మండలం అడుగున నిజంగా జరిగే ఉత్పత్తి చాలాసార్లు అంతే ఉంటుంది! అందుకే చివరి దశలో చుక్కను పూర్తిగా రాలనివ్వకుండా, కొస దగ్గర వేలాడుతుండగానే ఫ్లాస్కు గోడకు తాకించి కడగాలి. సన్న కొస ఉన్న బ్యూరెట్ కొనడం ఈ పనిలో పెట్టే ఖర్చుల్లో అన్నిటికంటే విలువైనది.

లెక్క

1.5 మీటర్ల లోతులో ప్రారంభం 6.10, వెలుగు 6.58, చీకటి 5.94 మి.గ్రా. అనుకుందాం.

నికర ఉత్పత్తి = వెలుగు నుంచి ప్రారంభం తీసివేత = 0.48
శ్వాసక్రియ = ప్రారంభం నుంచి చీకటి తీసివేత = 0.16
స్థూల ఉత్పత్తి = వెలుగు నుంచి చీకటి తీసివేత = 0.64

కార్బన్‌లోకి మార్చడానికి 0.375తో (12ను 32తో భాగించగా వచ్చింది) గుణించి, 1.2తో భాగించండి. ఒక కార్బన్ పరమాణువు బిగియడానికి సగటున ఒకటి కంటే కాస్త ఎక్కువ ఆక్సిజన్ అణువులు విడుదలవుతాయి, ఆ నిష్పత్తే 1.2. ప్లవకాలు ప్రధానంగా నైట్రేటు వాడుకుంటున్న నీళ్లలో 1.4 దాకా పోతుంది. ఏది వాడారో రాయకుండా కార్బన్ అంకె ఒక్కటే ఇస్తే చదివేవారికి ఉపయోగం లేదు. 0.64కు లీటరుకు 0.2 మి.గ్రా. కార్బన్ వస్తుంది, ఘనమీటరుకు 200 మి.గ్రా., 4 గంటలతో భాగిస్తే గంటకు 50.

అన్ని లోతుల నుంచి వరుసగా 42, 50, 38, 22, 4 వచ్చాయనుకోండి. ఉపరితలం కంటే 1.5 మీటర్ల దగ్గర ఎక్కువ రావడం తప్పు కాదు, మిట్టమధ్యాహ్నపు ఎండ పైనున్న ప్లవకాలను అణచివేస్తుంది. పక్కపక్క లోతుల సగటును మధ్య దూరంతో గుణించి కూడాలి: 69, 66, 60, 65. మొత్తం చదరపు మీటరుకు గంటకు 260 మి.గ్రా.

రోజు మొత్తానికి 260ని 12తో గుణించడం చాలామంది చేసే తప్పు. ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 దాకా కొలిస్తే, 12 గంటల పగటిలో పడే వెలుతురులో దాదాపు సగం ఆ నాలుగు గంటల్లోనే పడుతుంది. కాబట్టి 4 గంటల ఉత్పత్తి 1,040ని రెట్టింపు చేస్తే చాలు: రోజుకు సుమారు 2.1 గ్రాములు. 12తో గుణిస్తే 3.1 వచ్చేది. ఇది పోషకాలు సమృద్ధిగా ఉన్న నీటికి తగిన అంకె, నడిసముద్రంలో దీనికి పదోవంతే ఉండొచ్చు. నికర అంకెకైతే రాత్రి శ్వాసక్రియను కూడా తీసేయాలి.

అంకె నమ్మదగిందో లేదో

అదే నీటిలో క్లోరోఫిల్ కొలిచి చూడండి. ఒక లీటరును జి.ఎఫ్./ఎఫ్. గాజునార ఫిల్టర్‌తో, తక్కువ సక్షన్ పెట్టి వడకట్టి, 10 మి.లీ. 90 శాతం అసిటోన్‌లో ఫ్రిజ్‌లో చీకట్లో 24 గంటలు ఉంచాలి. సెంట్రిఫ్యూజ్ చేసి, స్పెక్ట్రోఫోటోమీటర్‌లో (ద్రావణం వెలుతురును ఎంత పీల్చుకుంటుందో చూపే పరికరం) 750, 664, 647, 630 నానోమీటర్ల దగ్గర రీడింగులు తీసుకుని, 750 రీడింగును మిగతా వాటన్నిటిలోంచి తీసేయండి. 664 రీడింగును 11.85తో గుణించి, దానిలోంచి 647 రీడింగుకు 1.54 రెట్లు, 630 రీడింగుకు 0.08 రెట్లు తీసేస్తే ప్రతి మి.లీ. అసిటోన్‌లో ఎన్ని మైక్రోగ్రాముల క్లోరోఫిల్-ఎ ఉందో వస్తుంది. ఇది 1975లో జెఫ్రీ, హంఫ్రీ ఇచ్చిన సమీకరణం. 0.74 వచ్చిందంటే సముద్రపు నీటిలో లీటరుకు 7.4 మైక్రోగ్రాములు, అంటే ఘనమీటరుకు 7.4 మి.గ్రా. గంటకు 50 మి.గ్రా. కార్బన్‌ను 7.4తో భాగిస్తే ప్రతి మి.గ్రా. క్లోరోఫిల్‌కు గంటకు 6.8 మి.గ్రా. కార్బన్. మామూలుగా ఇది 1 నుంచి 10 మధ్య ఉంటుంది. 25 దాటితే కొలతలోనే పొరపాటుంది: సీసాలు తారుమారయ్యాయో, థయోసల్ఫేట్ బలం మారిందో చూడండి.

ప్లాంక్టన్ వలతో ఈ సరిచూపు చేయకూడదు. 20 మైక్రాన్ల వల డయాటమ్‌లు, డైనోఫ్లాజెల్లేట్‌ల వంటి పెద్ద వృక్ష ప్లవకాలను పడుతుంది, కానీ ఒక మైక్రాన్ కూడా లేని ప్రోక్లోరోకాకస్ వంటి బాక్టీరియా దానిలోంచి జారిపోతాయి. వెచ్చటి నడిసముద్రంలో ఉత్పత్తిలో పెద్ద వాటా వాటిదే. వల ఎవరున్నారో చెప్పడానికి, అదీ కొంతవరకే.

పెద్ద మొక్కలకు

సముద్రపు గడ్డికి ఈ పద్ధతి నేరుగా సరిపోదు. దాని ఆకుల్లో గాలి గొట్టాలుంటాయి. తయారైన ఆక్సిజన్ నీటిలోకి రాకుండా కొంతసేపు అక్కడే నిలిచిపోతుంది, ఫలితం తక్కువ కనబడుతుంది. దానికి సూది గుర్తు మంచిది. ఆకుల కట్ట మొదట్లో, తొడుగు పైభాగాన సన్నని సూదితో అన్ని ఆకులకూ ఒకే ఎత్తులో రంధ్రం పొడవండి. 7 నుంచి 10 రోజుల తర్వాత కట్టను కోసి చూస్తే, ఎదిగే ఆకుల రంధ్రాలు పైకి జరిగి ఉంటాయి. ముదురు ఆకు రంధ్రం కదలదు, దాన్ని ప్రమాణంగా పెట్టుకుని ఆ మధ్య దూరం కొత్తగా పెరిగిన భాగమని లెక్క. ఆ ముక్కలను కోసి, ఆకు మీద పట్టిన నాచును గీకేసి, సున్నపు పొర ఉంటే 5 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి కడిగి, 60 డిగ్రీల దగ్గర బరువు మారని దాకా ఆరబెట్టి తూయాలి. గీకడం మరిచిపోతే గడ్డి పెరుగుదలతో పాటు దాన్ని అంటిపెట్టుకున్న నాచు బరువు కూడా కలుస్తుంది. ఆ నాచు కూడా ఉత్పత్తి చేస్తుంది కాబట్టి పారేయకుండా విడిగా ఆరబెట్టి తూచి, వేరే వరుసలో రాసుకోండి.